మధ్యాహ్నం ఆగే బోరు

కరోనాకు ముందు సంవత్సరం. బహ్రెయిన్‌లోని సిత్రాలో బోరు పంపులు బిగించే వర్క్‌షాపులో టెక్నీషియన్‌గా ఉన్నాను. కెన్యా ఉత్తర సరిహద్దులోని ఒక చిన్న ఊరికి మా కంపెనీ పంపుసెట్టు అమ్మింది. దాన్ని బిగించడానికి నన్ను పంపారు.

తారురోడ్డు ఆ ఊరికి ఒకరోజు ప్రయాణం ముందే ఆగిపోయేది. ఇళ్లకు కరెంటు సాయంత్రం పూట నాలుగు గంటలసేపే, అదీ జనరేటరుతో; బోరుకు వేరే జనరేటరు ఉండేది. ఫోన్ సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. సరిహద్దు గేటు దగ్గర లారీలు, వాటి నీడలో ఒంటెలు. ఊరంతటికీ ఉన్న ఒక్క బోరు దగ్గర పసుపురంగు నీళ్ల డబ్బాల వరుస. ఇప్పటికీ బహ్రెయిన్‌లో, హూరాలోని నా గదిలో కుళాయి తిప్పితే ఆ వరుసే కళ్లముందు కదులుతుంది. అక్కడ తాగిన ఒంటెపాల టీ మళ్లీ ఎక్కడా దొరకలేదు.

బోరు నడిపే ఆపరేటర్ పేరు అబ్ది. ఒకప్పుడు గల్ఫ్‌లో డ్రైవర్ కాబట్టి అరబ్బీలో మాట్లాడుకునేవాళ్లం. నన్ను ‘సదీక్’ అనేవాడు, అంటే స్నేహితుడా అని.

“మధ్యాహ్నం రెండు గంటలు ఆపు, సదీక్. బోరు అలసిపోతుంది. ఆగితే మళ్లీ ఊరుతుంది” అన్నాడు.

“మోటారు కొత్తది. దానికి కునుకెందుకు?” అని నవ్వాను.

కానీ డ్రై రన్ రిలే రోజూ మధ్యాహ్నమే ట్రిప్ అయ్యేది. బోరులో నీళ్లు అడుగంటితే మోటారును ఆపేసే పరికరం అది. ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తేనే ఊరి నీళ్ల కమిటీ సంతకం పెడుతుంది. గుట్టెక్కి మా ఫోర్‌మన్ నర్సన్నకు ఫోన్ చేశాను.

“ఆడనే ఇల్లు కట్టుకుంటవా ఏందిరా? రిలే బైపాస్ జెయ్, సంతకం వెట్టించుకో. యల్లా, బండెక్కు!”

చిన్న వైరు ముక్కతో రిలేను తప్పించాను. టెస్టు పాసైంది. వైరు మాత్రం తీయలేదు. తీస్తే మర్నాడు మళ్లీ ఆగుతుంది, నా ప్రయాణమూ ఆగుతుంది. “ఇక మధ్యాహ్నం ఆపక్కర్లేదు” అని అబ్దికి చెప్పాను. అంతలో సరిహద్దు గేటు మూసేశారు, నన్ను ఎక్కించుకోవాల్సిన లారీ అవతలే చిక్కుకుంది. మూడోరోజు మోటారు కాలిపోయింది.

కమిటీ పెద్దలు వచ్చేలోపు ప్యానెల్ తెరిచి వైరు పీకేశాను. వాళ్లు అబ్దిని నిలదీశారు.

“మధ్యాహ్నం ఎందుకు నడిపావు?”

“ఈయనే నడపమన్నాడు.”

“నేనలా అనలేదు. రిలే ఉంది, చూడండి. అది ఆపినా మళ్లీ మళ్లీ ఆన్ చేసుంటాడు” అన్నాను.

అబ్ది నన్నొకసారి చూసి, బోరుగది తాళంచెవి పెద్దాయన చేతిలో పెట్టాడు.

కొత్త మోటారు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆడవాళ్లు ఎండిన వాగులో చెలమలు తవ్వి నీళ్లు మోశారు. ఈసారి రిలే సరిగ్గా బిగించి, మధ్యాహ్నం రెండు గంటలు ఆగేలా టైమర్ పెట్టాను.

బయల్దేరే రోజు అబ్ది లారీ దగ్గరికి వచ్చాడు.

“నువ్వు వైరు పీకడం చూశాను.”

“మరి వాళ్లకు చెప్పలేదేం?”

“నువ్వే చెప్తావేమోనని ఆగాను.”

సిత్రాకు తిరిగొచ్చి, రిపోర్టులో ఆపరేటర్ తప్పిదమనే రాశాను. ఆ కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది.

ఇప్పుడు ఏ సైటుకు వెళ్లినా, ప్యానెల్ తెరిచేముందు ఆ బోరును రోజూ చూసే మనిషిని అడుగుతాను. నా చేతిలో ఏదైనా పాడైతే, ఇంకొకర్ని ఎవరూ నిలదీయకముందే చెప్పేస్తాను. మొదటిది నేర్చుకోవడానికి ఒక మోటారు కాలితే సరిపోయింది. రెండోది నేర్చుకోవడానికి అబ్ది ఉద్యోగం పోవాల్సి వచ్చింది.