కొలిచి పోసిన నీళ్లు

మా ఇంట్లో అందరూ డాక్టర్లే. అమ్మ, మేనత్త, వీధి చివర సూదిమందు వేసే ఆయన, వాళ్లకు తోడు నేను. నేను బీఎస్సీ చదివి వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. మగ్గం మీద చీరలు నేసే మా చెల్లి కాన్పై గద్వాలలో అమ్మ దగ్గరుంటే, ఇంతమంది డాక్టర్లం కలిసి ఆమెకు నీళ్లు ఆపేశాం.

బాలింతకు నీళ్లు ఇవ్వకూడదన్నది మా ఇళ్లలో పద్ధతి. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. "కడుపు ఉబ్బుతది" అంటుంది అమ్మ. "కుట్లు చీము పడ్తయి, పసిదానికి పడిశం బడ్తది" అంటుంది మేనత్త. ఎండాకాలం, రేకుల గది, తలకూ చెవులకూ గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి. తాగడానికి పొద్దున అర గ్లాసు, సాయంత్రం అర గ్లాసు, అదీ వాము వేసి కాచింది. ఆ గ్లాసు కొలిచి పోసే పని నాది. బడికి సెలవులు కదా, పనీపాటా లేనిదాన్ని.

"జర ఇంకింత పొయ్యక్కా, నాలుక పిడసగట్టుకపోతుంది" అని చెల్లి అడిగేది. "నలభై దినాలు ఓర్చుకో, సచ్చిపోతవా ఏంది" అన్నాను. నా నోటితోనే అన్నాను. రక్తంలో ఎక్కువ భాగం నీళ్లే అని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని, సరిగ్గా రాసిన పిల్లలకు మార్కులు వేసేదాన్ని. ఆ చదువు ఒక్కనాడూ బడి గేటు దాటి నాతో ఇంటికి రాలేదు.

తొమ్మిదో రోజు చెల్లికి తలనొప్పి మొదలైంది. "చెవుల గాలి జొచ్చింది" అని అమ్మ గుడ్డ మరింత బిగించింది. వీధి చివరి ఆయన నాడి పట్టుకుని, "బాలెంతలకు గిది మామూలే" అని రెండు గోలీలు ఇచ్చి పోయాడు. ఆ మామూలు నొప్పితో చెల్లి రెండు రోజులు గోడకు తల ఆనించి కూర్చుంది. వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంది, తిన్నదంతా కక్కుకుంది. మూడో రోజు పొద్దున కుడి చేయి కొట్టుకోవడం మొదలై ఒళ్లంతా బిగుసుకుపోయింది. మేనత్త నిమ్మకాయలు తెమ్మంది. అవి దిగదుడిచి పారేసేసరికి ఫిట్స్ ఆగాయి గానీ, కుడి చేయి పడిపోయింది, మాట పోయింది. దవాఖాన అనేది ఒకటుందని మాకు అప్పుడు గుర్తొచ్చింది. అక్కడివాళ్లు చూసి వెంటనే కర్నూలు తీసుకుపొమ్మన్నారు.

కర్నూలులో స్కానింగు చూసి, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందని డాక్టరమ్మ చెప్పింది. మెదడు నుంచి రక్తం కిందికి దిగే దారి మూసుకుపోయిందట.

"బతుకుతదా మేడం?" అంది అమ్మ.

"రెండు మూడు రోజులు ఏమీ చెప్పలేను. రోజుకు నీళ్లు ఎన్ని తాగేది?"

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. మాట మార్చడానికే, "ఇది అందరికీ వచ్చే జబ్బేనా?" అని అడిగాను.

"అందర్నీ కలిపి చూస్తే అరుదే. బాలింతలకు ఎక్కువ. కాన్పప్పుడు రక్తానికి గడ్డకట్టే గుణం ఎలాగూ పెరుగుతుంది, మీరు నీళ్లు కూడా ఆపేస్తారు. మీ వైపు నుంచి వస్తూనే ఉంటారమ్మా" అందామె.

అంత జవాబులో మావాళ్లు ఏరుకున్నది ఒక్క మాటే, అరుదు. సాయంత్రానికల్లా మేనత్త ఫోనులో చుట్టాలందరికీ చేరవేసింది. "శానా అరుదైన రోగమంట. యాడనో ఒక్కరికి వస్తదంట. మన నసీబు" అని, ఇంటికేదో బిరుదు వచ్చినట్టు చెప్పింది. పక్క మంచం మీద అచ్చంపేట నుంచి తెచ్చిన ఇంకో బాలింత ఉంది. జబ్బు అదే, చెవులకు గుడ్డా అలాంటిదే. ఆమె అత్త కూడా ఫోనులో అరుదైన రోగమనే చెబుతోంది. ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం. ఫోను చెవిన పెట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు కూడా. అయినా ఏమీ తట్టలేదు.

వాళ్లను చూస్తే ఒళ్లు మండింది. కానీ వాళ్లు బడి మెట్లెక్కినవాళ్లు కాదు. నన్ను చూసుకుంటే అసహ్యం వేసింది.

గడ్డ పెరగకుండా కడుపు మీద సూదులు, చేతికి సెలైను. నాలుగు రోజులు అలా గడిచాక గండం తప్పిందన్నారు. చేయి మళ్లీ మగ్గం మీద ఆడడానికి నెలలు పట్టొచ్చు, పూర్తిగా రాకపోనూవచ్చు అన్నారు. ఐదో రోజు చెల్లికి ముద్దముద్దగా మాట వచ్చింది. నర్సు లీటరు సీసా మూత తీసి ఆమె ఎడమ చేతిలో పెట్టి, "ఇదంతా తాగాలి" అంది. డాక్టరమ్మ మంచం పక్కనే నిలబడి ఉంది. చెల్లి సీసాను నోటిదాకా తీసుకెళ్లి ఆపింది. వాళ్లిద్దరినీ వదిలేసి నా వైపు చూసింది.

"తాగనా అక్కా?" అని అడిగింది.