పది నిమిషాల ఏడుపు

మా ఇంట్లో నా మాట ఎవరూ పట్టించుకోరని అరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఆ మాటనైనా పట్టించుకున్నవాళ్లు లేరు. మొన్న సోమవారం మా మనవణ్ని కొత్తవలసలో మా వీధి చివరి అంగన్‌వాడీలో చేర్చాం. మూడేళ్లవాడు. గుమ్మం దాటగానే అందుకున్న ఏడుపు రైల్వే స్టేషన్ దాకా వినిపించి ఉంటుంది. కోడలు వాణ్ని దింపేసి పనికి వెళ్లిపోయింది. బయట నేనూ, మా అప్పా మిగిలాం. అప్ప అంటే మా అక్క, నాకన్నా ఆరేళ్లు పెద్ద. చిన్నప్పుడు నన్ను చంకన మోసింది ఆమే.

"గుంటడు గుక్కట్టేస్తన్నాడురా, తెచ్చేస్తాను," అంటూ గేటు మీద చెయ్యి వేసింది. నేను అడ్డం నిలబడ్డాను.

నాకు నాలుగేళ్లప్పుడు ఇలాంటి గుమ్మమే ఒకటి ఎదురైంది. మా పల్లెలో కొత్తగా పెట్టిన బాలవాడి. తాటాకు చాపలు, లోపల ఉడుకుతున్న రవ్వ వాసన. నేను ఏడవగానే అప్ప వచ్చి ఎత్తుకుపోయింది. మర్నాడూ అంతే. మూడోనాటి నుంచి ఇంట్లోవాళ్లు పంపడమే మానేశారు. తిన్నగా ఒకటో తరగతిలో పడ్డాను. అప్పటికే తోటివాళ్లకి వరసలో నిలబడ్డం వచ్చు, బలపం ఇచ్చి మళ్లీ అడిగి పుచ్చుకోవడం వచ్చు. నాకు కొట్టడం, అలగడం వచ్చు. ఆ ఏడాది నా బలపం తీసుకున్న మా మావ కొడుకు పెళ్లిళ్లలో కనిపిస్తే ఇప్పటికీ వేరే పంక్తిలో కూర్చుంటాను.

"రాతిగుండెరా నీది!" అంది అప్ప.

"పది నిమిషాలు ఆగు అప్పా. కొంప మునిగిపోతాదేటి?"

ఏడుపు సన్నబడింది, తర్వాత ఆగింది. కిటికీలోంచి చూశాం. ఆయా వాడి చేతికి పళ్లేలు ఇచ్చింది. ఏడ్చేవాళ్లకి ఆవిడ ముందుగా అప్పజెప్పే పని అదేనట. ముక్కు కారుతుండగానే ఒక్కొక్కరి ముందు ఒక్కో పళ్లెం పెడుతున్నాడు. ఒక పిల్ల రెండోది లాక్కోబోయింది. "నీకిచ్చీసినాను కదా," అన్నాడు మావాడు. కొట్టలేదు.

"నన్నూ ఇలా వదిలేసుంటే ఏటయ్యేది?" అని అడిగాను.

"ఎండెక్కుతంది, పద," అంది అప్ప. కానీ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. ఆమె ఏ బడి చాప మీదా కూర్చోలేదు. చంకలో నేనుండగా ఎలా కూర్చుంటుంది?

అప్పకి అక్షరాలు రావు. అందుకని ఈ రాసిందంతా నేనే ఆమెకి చదివి వినిపిస్తాను. పది నిమిషాల్లో ఆగిపోవలసిన నా ఏడుపు అరవై ఏళ్లు సాగింది. మనల్ని ఇంట్లో ఉంచేసిన పెద్దవాళ్లెవరూ ఇప్పుడు లేరు, ఉన్నది నువ్వొక్కదానివే. ఆ రోజు నన్నెందుకు ఎత్తుకొచ్చావో ఇవాళైనా చెప్పు అప్పా.