అమ్మ డ్యూటీ చార్టులో ఆఖరి వరుస

మా చిన్నప్పుడు... నెలాఖరు ఆదివారం వచ్చిందంటే వసారాలో చాప పరిచేవాళ్ళం. అమ్మ దాని మీద పెద్ద కాగితం పెట్టుకుని, స్కేలుతో గళ్ళు గీసి, ముప్ఫై మంది నర్సులకి వచ్చే నెల డ్యూటీలు వేసేది. మాది రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. నాన్న అక్కడి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మ ఊళ్ళో ఒక ఆసుపత్రిలో మేట్రను... అంటే నర్సులందరికీ పెద్ద.

పొద్దుటి డ్యూటీకి ఎమ్, సాయంత్రానికి ఇ, రాత్రికి ఎన్, ఛుట్టీకి ఓ. సెలవు అనే మాట మా కాలనీలో ఎవరి నోటా వినలేదు, అందరికీ ఛుట్టీయే. ముందు పెన్సిలుతో రాసేది. భోజనాలయ్యాక దాని మీదే ఇంకు పోనిచ్చేది.

నర్సులు ఇంటికొచ్చి మరీ అడిగేవారు. "దీదీ, మావాడికి పరీక్షలు"... "మేడమ్, ఊర్నించి అత్తగారొస్తన్నారు"... అమ్మ అందరికీ ఏదో ఒకటి సర్దేది. ఎవరికీ కుదరని డ్యూటీలన్నీ తనే వేసుకునేది. నాకు ఒళ్ళు మండిపోయేది. పెద్ద అంటే ఎక్కువ ఛుట్టీలుండాలి కదా! మరి ఈవిడేమిటి...

నాకు తొమ్మిదో ఏడు. ఆ ఏడాది ఉగాదికి కాలనీ తెలుగువాళ్ళంతా మైదానంలో షామియానా వేసి ప్రోగ్రాం పెట్టారు. కోలాటంలో నేనూ సునీతా జత. సునీత పక్క క్వార్టరు పిల్ల, వాళ్ళమ్మ కూడా మా అమ్మ కిందే నర్సు. నెల రోజులు కర్రలు విరిగేలా ప్రాక్టీసు చేశాం. అమ్మ ఒక్కసారైనా నన్ను స్టేజి మీద చూడాలని నా కోరిక... అంతకు ముందు ఏ ప్రోగ్రాముకీ రాలేదు మరి.

చార్టు చూస్తే ఉగాది సాయంత్రం అమ్మ పేరుకి ఎదురుగా ఇ.

అమ్మ వంటింట్లో పోపు పెడుతోంది. నేను రబ్బరు తీశాను. అమ్మ గడిలో ఇ చెరిపి ఓ రాశాను. వార్డులో ఎవరో ఒకరుండాలి కాబట్టి, ఆ రోజు ఛుట్టీ ఉన్న "కె. లక్ష్మి" గడిలో ఇ రాశాను. ఆవిడెవరో నాకు తెలీదు. అందుకే పాపం అని కూడా అనిపించలేదు.

భోజనాలయ్యాక అమ్మ ఇంకు పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"ఓసినీ! నాకు నేనే ఛుట్టీ రాసీసుకున్నానేటి?" అని నవ్వింది. ఆ గడి వైపే కాసేపు చూసి, "ఉండనీలే ఈసారికి" అని ఇంకు పోనిచ్చింది.

ఉగాది సాయంత్రం అమ్మ నారింజ రంగు చీర కట్టుకుంది. తెల్ల యూనిఫాం లేకుండా అమ్మ ఎంత బాగుందో... నా జడలో పూలు సర్దడానికి స్టేజి వెనక్కి వచ్చింది. అక్కడ సునీత కర్రలు కింద పడేసి వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఏటైందే అమ్మలూ?" అంది అమ్మ.

"మా అమ్మ రాట్లేదు... ముందు ఛుట్టీ ఇస్తానన్నారంట, తీరా చార్టులో డ్యూటీ పడిందంట."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ కె. లక్ష్మి ఎవరో. మా కాలనీలో ఆడవాళ్ళని ఎవరు పేరు పెట్టి పిలిచారు గనక? ఆవిడ నాకు పుట్టినప్పట్నుంచీ సునీత వాళ్ళమ్మే. ఎదురుపడితే పిన్ని. అంతే.

"లక్ష్మికి ఛుట్టీయే కదా రాశాను..." అంటూ అమ్మ నా వైపు చూసింది. ఒకే ఒక్క చూపు. "రబ్బరుతో... నేనే..." అన్నాను.

అమ్మ కొట్టలేదు. వాచీ చూసుకుంది. "మీ కోలాటం ఎన్నోది?"

"ఏడోది."

"ఇప్పుడు మూడోది అవుతోంది" అంటూ వెళ్ళి నాన్న సైకిలెక్కేసింది, ఆ నారింజ చీరతోనే.

ఆరో ఐటమ్ అయ్యేసరికి పిన్ని యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చింది. "మీయమ్మ జల్దీ వెళ్ళమని నన్ను తోసీసిందే!" అని ఆయాసపడుతూ, అంతకు ముందు అమ్మ కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. సునీత వాళ్ళమ్మని చూసుకుంటూ ఎగిరెగిరి ఆడింది. నేను కూడా ఆడాను... ఏడుపు దిగమింగుకుంటూ.

పొద్దున్న అమ్మ నాకు తల దువ్వుతూ అంది. "తప్పు నాది కూడానే. ఛుట్టీ కనబడగానే సంబరపడిపోయాను, మిగతాది చూసుకోలేదు." "అడిగినోళ్ళందరికీ ఇస్తాను కదా, నువ్వెందుకడగలేదే?" అంది.

ఇంట్లోవాళ్ళు కూడా అడగొచ్చని నాకు తెలీదమ్మా... అన్నాను. దువ్వెన ఆగిపోయింది. నేను వెనక్కి తిరగలేదు.

తర్వాతి నెల చార్టు చూసి కేకేశాను. ముప్ఫై మంది పేర్ల కింద, ఆఖరి వరుసలో నా పేరు! ప్రతి గురువారం నాలుగు నుంచి ఆరు దాకా, నా గడిలో "అమ్మ" అని రాసుంది. ఆ చార్టు ఆసుపత్రి గోడకి కూడా అలాగే అంటించింది మహాతల్లి. నర్సులు నవ్వుకున్నారట.

అన్ని గురువారాలూ దక్కాయని అబద్ధం చెప్పను. సగం రబ్బరుకి పోయేవి. దక్కినవాటిలో కూడా మేం చేసిందేమీ లేదు... గట్టు మీద కూర్చుని ఉప్పూ కారం అద్దుకుని జాంపండ్లు తినేవాళ్ళం. అమ్మ ఒక్కోసారి నా ఒళ్ళోనే నిద్రపోయేది.

ఇప్పుడు నేనొక ఆఫీసు నడుపుతున్నాను. డ్యూటీలన్నీ కంప్యూటరే వేస్తుంది, పెన్సిలూ లేదు రబ్బరూ లేదు. గురువారం నాలుగు దాటితే నేను మీటింగు పెట్టను. ఎందుకో మావాళ్ళకి తెలీదు. అమ్మ పోయి ఆరేళ్ళు... ఆ రెండు గంటలూ మాత్రం ఇంకా ఎవరికీ ఇవ్వలేకపోతున్నాను.

సునీత వాళ్ళమ్మ పూర్తి పేరు కోటిలక్ష్మి. మీ పక్కింటి పిన్ని పేరేమిటో గుర్తుందా? ఉంటే కింద రాయండి... అలాగే మీ అమ్మని మీరు అడగకుండా ఉండిపోయినదేమిటో కూడా. అమ్మ ఉంటే, ముందు ఆవిడకే ఫోన్ చేసి అడగండి.