కొత్త మన్ను

మంచం కింద చిన్నపార లేదు. అవ్వ ఎక్కడికి వెళ్లిందో రెబెకాకు అర్థమైంది.

ఆ రోజు అవ్వ చౌడమ్మను అనంతపురం కంటి ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ముందు కుడికంటికి ఆపరేషన్ చేస్తామని ఆస్పత్రివాళ్లు తేదీ ఇచ్చారు. పామిడిలో నైటీలు కుట్టే షెడ్డులో పనిచేసే రెబెకా, యజమానిని బతిమాలి సెలవు పెట్టుకుంది. వారం రోజులుగా అవ్వ మాత్రం ఒకే ప్రశ్న వేస్తోంది.

"ఆపరేషను అయినాక వంగొచ్చునా మే?"

"నెల దాకా వంగకూడదంట అవ్వా."

"నెలకు చేన్లన్నీ దున్నేస్తారు గదా!"

వేరుశనగ పెరికే రోజులవి. రైతు చెట్లు పెరికి, ఆ కట్టెను కాయలతో సహా ఇంటికి తోలుకున్నాక, చేనులో మిగిలిన కాయలు ఏరుకునేవాళ్లవే. అలా ఏరుకోవడాన్ని పరిగె అంటారు. అందరూ మట్టి తవ్వి కాయలు ఏరితే, చౌడమ్మ ఎలుక బొరియల కోసం వెతికేది. చేనంతా తిరిగి ఎలుక దాచుకున్న కాయలు ఒక్కచోటే దొరుకుతాయి. చిక్కల్లా ఒకటే. ఎలుక వదిలిన బొరియలో పాము చేరుతుంది. ఏది ఎవరిదో కంటితో చూసి తేల్చుకోవాలి. చౌడమ్మకు ఇప్పుడు ఎదుట నిలబడిన మనిషి ముఖమే కనిపించదు.

మొన్ననే కట్టె తోలిన పుల్లన్న చేనుకు పోదామంటే, ఆటో నిండితే గాని కదలనన్నాడు తిప్పేష్.

"నలుగురి చార్జీ నేనిస్తా, పోనీ అన్నా!"

"ఏమ్మా, చేనుకు పోయేదానికి ఇంత తొందరా? చేను పారిపోతాండాదా?"

"చేను కాదు, మా అవ్వ పారిపోయింది."

"ఆ వయసులో పారిపోయిందంటే గట్టిదే!" అని నవ్వి బండి తీశాడు. రెబెకా నవ్వలేదు. కూర్చున్నచోటే కాళ్లు ఆడిస్తూనే ఉంది. మిషన్ తొక్కే కాళ్లని షెడ్డులో ఎగతాళి చేస్తారు గాని, ఆ అలవాటు అంతకు ముందుదే. చౌడమ్మా అంతే. కూర్చుంటే కాళ్లు గుంజుతాయని లేచేది, పడుకుంటే నడుము పట్టేస్తుందని లేచేది.

రెబెకా అమ్మానాయనలు బెంగుళూరు మట్టిపనికి పోయిన ఏళ్లలో ఆమెను పెంచింది ఈ అవ్వే. బడి లేని రోజు వెంట తీసుకుపోయేది. చేనులో మనవరాలి చూపుడువేలు పట్టుకుని బొరియ ముందరి మట్టిలో గుచ్చేది. "మెత్తగుండాదా? ఇది కొత్త మన్ను. రేత్రి తోడింది. లోపల ఎలక ఉండాది." ఇంకో బొరియ దగ్గర ఆపి, వేలు మాత్రం పెట్టనిచ్చేది కాదు. "దీని మూతి చూడు, సట్టి అంచు మాదిరి నున్నగయింది. మన్ను లేదు. ఇది పురుగుది. తలకాయ తిప్పుకోని పోవల్ల." పామును చేనులో పేరుపెట్టి అనేది కాదు, పురుగనేది. తవ్విన కాయల్లో గుప్పెడు మళ్లీ బొరియలోకే తోసేది. "దానికీ పిల్లలుంటాయి మే" అనేది. చేని గట్టున ఎండుకట్టె మంట వేసి కాయలు కాల్చేది. నల్లబడిన మనవరాలి మూతిని చూసి, "దొంగెలక దొరికింది" అని కొంగుతో తుడిచేది. రెబెకాకు ఇప్పటికీ వేయించిన కాయలు రుచించవు. కాల్చినవే కావాలి.

పుల్లన్న చేను దగ్గర ఆటో దిగేసరికి ఆయన భార్య వనజాక్షి గట్టు మీద నిలబడి ఉంది.

"మీ అవ్వకు కండ్లు పోయినాయంటివే! మా చేను మాత్రం బాగానే కనపడినట్లుండాదే!"

"యాడుండాది వదినా?"

"ఆ మూల. చీకటితోనే వచ్చింది. కాఫీ తాగుదువు రావమ్మా అంటే, నాకు పనుండాదంటుంది."

చౌడమ్మ నేల మీద పడుకుని ఉంది. కుడిచెయ్యి మోచేతిదాకా బొరియలో ఉంది. రెబెకా కేక వేయబోయి ఆగింది. ఉలిక్కిపడితే ఏమవుతుందోనని అడుగులో అడుగేసుకుంటూ దగ్గరికి వెళ్లింది.

"అవ్వా, చెయ్యి తియ్యి."

"ఎవురూ, రెబెకానా? అరవద్దు. అందుతాండాది." చెయ్యి బయటికి వచ్చింది. పిడికిలి నిండా కాయలు, మట్టి. "చూసినావా! కండ్లతో ఏం పని? వేలితో తెల్సుకుంటి. కొత్త మన్ను."

ఆ గెలుపును మనవరాలు ఒప్పుకునేలోపే ముసలామె పక్కకు జరిగింది. జానెడు దూరంలోని మరో బొరియ ముందర వేళ్లతో తడిమింది. "ఇదీ మెత్తగుండాది. ఇదీ మనదే." పార పక్కన పెట్టి చెయ్యి చాచింది.

రెబెకా ఆ మణికట్టు పట్టుకుంది.

మట్టి మెత్తగానే ఉంది. కాని అది ఎలుక తోడింది కాదు. మొదటి బొరియ తవ్వుతూ చౌడమ్మ తన పారతో వెనక్కి విసిరిన మట్టి. రెబెకా దాన్ని చేత్తో పక్కకు తోసింది. కింద మూతి సట్టి అంచులా నున్నగా ఉంది. అంచున కుబుసం ముక్క ఒకటి ఇరుక్కుని గాలికి అల్లాడుతోంది. దాన్ని తీసి అవ్వ అరచేతిలో పెట్టింది.

చౌడమ్మ దాన్ని బొటనవేలితో రుద్దింది. మళ్లీ రుద్దింది.

"యాడిది?"

"నువ్వు చెయ్యి పెట్టబోయినదాని మూతిలోది."

"మన్ను మెత్తగున్నింది గదా మే..."

"ఆ మన్ను నువ్వు ఏసిందే అవ్వా."

ముసలామె కుబుసాన్ని పిడికిట పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఆమె అంతసేపు కదలకుండా కూర్చోవడం రెబెకా ఎన్నడూ చూడలేదు. షెడ్డు నుంచి ఫోన్ మోగింది. సెలవే కదా, ఎత్తలేదు.

"ఈపొద్దు ఆస్పత్రికి పోయినా తీసుకోరా?"

"యాడ తీసుకుంటారు! టైము దాటిపోయె. మళ్లా తేదీ అడగాల."

"అడుగు. నెలంటే నెల. పండుకుంటా." కుబుసాన్ని దూరంగా విసిరి, చెయ్యి చీరకు తుడుచుకుంది. "అంతదాకా ఊరకుండమంటే నాతో కాదు. ఈ నున్న మూతిని వదిలేసి, దూరంగా ఉండేది ఇంకోటి చూపియ్యి. నువ్వు చూడు, నేను తవ్వుతా."

రెబెకా పార తన చేతిలోకి తీసుకుంది.

"నేనే చూసి నేనే తవ్వుతా. నువ్వు గట్టు మీద కూర్చో."

"కూర్చోలేనమ్మీ," అంది చౌడమ్మ, అప్పటికే లేచి నిలబడి.