బావ మాటతో రాసిన సీను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయగలిగి కాదు, దించుకునే చోటు లేక. మీకు నేనెవరో తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఇందులోనూ పిరికితనమే ఉందేమో.

నేను టీవీ సీరియల్‌కు మాటలు రాస్తాను. మధ్యాహ్నం అన్నాలు తిని ఆడవాళ్లు నడుం వాల్చే వేళకు వచ్చే సీరియల్ అది. మాది మైదుకూరు దగ్గర పల్లె. మా మేనత్త కొడుకు ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నేను పుట్టినప్పుడే అత్త నన్ను కోడలిగా ఖాయం చేసుకుంది. మా వైపు మేనరికమంటే పిల్లలను అడిగే పనే ఉండదు.

లగ్నం పెట్టుకుందామని పెద్దవాళ్లు అనుకున్న వారంలో బావ మా మిద్దె మీదికి వచ్చాడు. ఆరబోసిన శనక్కాయల పక్కన కూర్చుని, ఒక్కొక్కటే వొలిచి గింజలు నా ఒళ్లో వేస్తూ, తాను ఒక్కటీ నోట్లో వేసుకోకుండా చాలాసేపు గడిపాడు. చెప్పడానికి కష్టమైన సంగతి ఉంటే చిన్నప్పటి నుంచీ బావకు అదే అలవాటు. చివరికి చెప్పాడు. తన మనసు మగవాళ్ల మీదికే పోతుందన్నాడు.

“నిన్ను చేసుకొని నీ గొంతు కొయ్యలేను పాపా. మాయమ్మకు మాత్రం చెప్పాకు.”

చెప్పలేదు. పెళ్లి నాకే ఇష్టం లేదని ఇంట్లో గొడవ చేసి తిట్లన్నీ నేనే తిన్నాను. అత్త రెండేళ్లు నాతో మాట్లాడలేదు. అప్పుడు నేను మంచిదాన్నే. ఆ సంగతి మీకు చెప్పుకోవాలని ఎందుకింత ఆశ నాకు?

హైదరాబాదు వచ్చి ఈ పనిలో కుదురుకున్నాక, ఒక దశలో సీరియల్ నీరసపడింది. ఇంటి పెద్దకొడుకు తనకు మగవాడంటేనే ఇష్టమని మరదలి దగ్గర బయటపెట్టే మలుపు పెడదామన్నారు. సరే, ఎట్లా చెబుతాడు? కథ చర్చకు కూర్చున్నవాళ్లలో ఎవరికీ తోచలేదు. నాకు తెలుసు. లేవకుండా రాసిచ్చాను. పేర్లు మార్చాను, పల్లెను పట్నం చేశాను, మిద్దెను బంగళా చేశాను. శనక్కాయలు తీసేస్తే మాత్రం సీను చప్పగా ఉంది. అవి ఉంచాను. గొంతు కోసే మాటా ఉంచాను. మరుసటి రోజు భాగంలో వాడు తల్లికి చెబితే, ఆమె వాడిని గుండెకు హత్తుకునేట్టు రాశాను.

మేనకోడలు రాస్తుందని మా అత్త ఒక్క రోజూ వదలకుండా ఆ సీరియల్ చూస్తుంది. రాసేటప్పుడు అది గుర్తు రాలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. గుర్తొచ్చింది. పెళ్లి వద్దని చెప్పే మగపిల్లవాడు కాయలు వొలిచి మరదలి ఒళ్లో వేస్తుంటే కన్నతల్లి పోల్చుకోలేదా?

అత్త కొడుకును పిలిపించి అడిగింది. బావ దాచలేదు. ఆమె హత్తుకోలేదు, తిట్టనూ లేదు. అహోబిలం తీసుకుపోయి, ఇది పోగొట్టమని మొక్కుకుంది. బావ నోరెత్తకుండా వెంట నడిచాడు. తిరిగొచ్చాక, పెళ్లికి ఒప్పుకునేదాకా గడప తొక్కొద్దంది. బావ ఎర్రగుంట్లకు వెళ్లిపోయాడు. మళ్లీ తొక్కలేదు.

వెళ్లిన రోజే నాకు ఫోన్ చేశాడు. ఆ సీను నువ్వు రాసిందేనా అని అడిగాడు. కోపం లేదు గొంతులో. కోపం ఉండి ఉంటే నిజం చెప్పేదాన్నా?

“కాదు బావా. మాటల్లో ఒకరి దగ్గర నోరు జారినా. వాళ్లు రాసేసినారు. వద్దని శానా కొట్లాడినా.”

“నువ్వు కొట్లాడింటావు. నాకోసం అప్పుడు కూడా తిట్లు తిన్నావు గదా. ఏడ్వాకు పాపా,” అన్నాడు. ఇల్లు పోగొట్టుకున్న మనిషి నన్ను ఓదార్చాడు. నేను ఓదార్పించుకున్నాను.

ఆ సీనుకు పేరొచ్చింది. దాన్ని చూపించి వాళ్లమ్మకు తన సంగతి చెప్పుకోగలిగానని ఒకాయన నంద్యాల నుంచి రాశాడు. చదివి సంతోషించాను. అందుకూ సిగ్గుపడుతున్నాను.

ఎందుకు చేశాను? పేరు కోసమే అనుకుంటే తేలిక. కానీ ఇంకొకటి ఉంది. బావంటే నాకు ఇష్టం. పెళ్లి వద్దని నేను గొడవ చేసిన రోజుల్లో కూడా ఇష్టమే. ఆయన వద్దన్నది ఆడవాళ్లందరినీ అయినా, అక్కడ కూర్చుని విన్నది నేను. ఆ మంట కలంలోకి దిగిందా? లేదని ప్రమాణం చేయలేను.

పండక్కి ఫోన్ చేస్తే, ఇంట్లోవాళ్లలో నాకోసం నిలబడింది నువ్వొక్కదానివే అంటాడు. నేను ఊ కొడతాను. ఇది ఆయనకు పంపే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరు క్షమించాలని రాయడం లేదు, ఆ హక్కు మీది కాదు. ఇంతవరకు రాసేసరికి ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.

బావా, నేను ఎవరి దగ్గరా నోరు జారలేదు. ఎవరితోనూ కొట్లాడలేదు. ఆ సీను నేనే రాశాను.