అత్తగారు ఏరి తెచ్చిన కిడ్నీ

పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది, జ్వరానికి బిళ్ళ రాయమంటే రాయడు. రోజూ మెడికల్ కాలేజీకి వెళ్తాడు, రోగి మొహం చూడడు. పెళ్ళయింది, నెత్తిన జుట్టు పలచబడుతోంది, ఇంకా "శిక్షణలో ఉన్నాను" అంటాడు. ఇలాంటి అల్లుణ్ణి చుట్టుపక్కల వాటాలవాళ్ళకు ఎలా పరిచయం చెయ్యాలో తెలియక అత్తగారు నానా అవస్థా పడేది. "పెద్ద చదువే, ఇంకా అవలేదు" అని సరిపెట్టేది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా అల్లుడికి తల కొట్టేసినట్టుండేది. కానీ ఏమంటాడు పాపం? అందులో అబద్ధం ఏముంది గనక!

రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఆ పైన పరిశోధన నేర్చుకుందామని పాథాలజీ విభాగంలో చేరాడతను. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి జబ్బేమిటో తేల్చే చోటది. అంతమంది డాక్టర్ల మధ్య ఏ ముక్క ఏ అవయవానిదో పోల్చుకోలేనివాడు ఇతనొక్కడే. అందుకని అందరూ "కెమిస్ట్రీ" అని పిలిచేవారు. పిలిస్తే పిలిచారు గానీ, విభాగాధిపతి పెద్దమేడం అప్పగించిన పని ప్రాణం తోడేస్తోంది. కడుపులో వచ్చే ఒక రకం కణితిలో ఫలానా కొత్త ప్రొటీన్ ఉందో లేదో చెప్పాలి. ముక్కను మైనంలో పోసి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజు స్లైడు మీదికి ఎత్తి, యాంటీబాడీ అనే మందు చుక్క వెయ్యాలి. ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలాలి, లేనిచోట అద్దకపు నీలమే మిగులుతుంది. తేలితేగా! నెలల తరబడి ఏ స్లైడు చూసినా నీలమే. ప్రొటీనే లేదా, మందే చచ్చిందా? ఆ ప్రొటీన్ ఒంట్లో మామూలుగా ఎక్కడుంటుందో ఇంకా ఎవరికీ తెలియదు కాబట్టి, మందును సరిచూసుకునే దారీ లేదు.

"శుక్రవారం మీటింగులో ఒక్క స్లైడయినా రంగుతో చూపించు," అన్నారు పెద్దమేడం. "లేదంటే మందు చచ్చిందనుకుని పని మూసేద్దాం. నువ్వు ఇంకో చోటు చూసుకో."

దానికి తోడు ఇతని కోత ఒకటి. ముక్కలు కోసే గదికి పెద్దదిక్కు కోతల మాస్టారు. చేతులతో ఎంత కోస్తాడో నోటితో అంతకు రెండింతలు కోస్తాడు. "నేను కోసిన పొరలోంచి పేపరు చదువుకోవచ్చు సార్. మీరు కోసింది చెప్పుకి అట్ట వేయించుకోవచ్చు," అని వెక్కిరించి, "మాంసం కొట్లో మేక కిడ్నీ ఒకటి తెచ్చుకుని దానిమీద చెయ్యి తిప్పుకోండి," అన్నాడు.

ఇంట్లో ఆ మాట అనడమే తరువాయి, అత్తగారు సంచీ తీసింది. "మీరుండండి బాబూ, మీకు బేరం చేతకాదు."

అల్లుడు సంచీ పట్టుకుని వెనకాల నిలబడితే ఆవిడ కొట్టువాణ్ణి నిలబెట్టి కడిగేసింది. "వండడానిక్కాదయ్యా, పరిశోధనకి! ముదురుది అంటగట్టావో, ఊరుకునేది లేదు. మెడికల్ కాలేజీ మొత్తం నీ కొట్టు మీదికొస్తుంది." వాడు బెదిరిపోయి ఉన్నవన్నీ ముందు పరిచాడు. ఆవిడ నొక్కి చూసి, వాసన చూసి, వెలుతురుకు పట్టుకుని చూసి ఒకటి ఏరింది. మైనంలో పోసిన ఆ కిడ్నీ మీద అల్లుడు రోజూ పొద్దున్నే సాధన చేసేవాడు, ఆ తర్వాత కణితి ముక్కలు కోసేవాడు.

గురువారం సాయంత్రం కొత్త స్లైడు పెట్టి కన్ను ఆనించాడు. నీలం. మళ్ళీ నీలం. ఓ మూలకు వచ్చేసరికి గోధుమరంగు! ముద్దగా, ధీమాగా, రింగులు రింగులుగా!

"మాస్టారూ!"

కోతల మాస్టారు పరుగున వచ్చాడు. "ఏం పగిలింది సార్?"

"పగల్లేదు, వచ్చింది! రంగొచ్చింది!" అంటూ అల్లుడు ఆయన్ని వాటేసుకుని గిర్రున తిప్పేశాడు. కళ్ళద్దాలు ఎగిరి సింకులో పడ్డాయి. వాటిని వెతుక్కోవడంలో పడి మాస్టారు స్లైడు చూడనే లేదు.

ఇక అల్లుడి కాళ్ళు నేలమీద లేవు. భార్యకు ఫోన్ చేసి "వచ్చేసింది!" అని అరిచాడు. "ఎవరండీ?" అందామె. "రంగు!" దారిలో మిఠాయి కొన్నాడు. బస్సులో పక్కాయనకు అడక్కుండానే ఒకటి చేతిలో పెట్టాడు. ఇంటికి చేరేసరికి అత్తగారు అన్ని వాటాలూ చుట్టబెట్టేసింది. కింది వాటాలో అల్లుడు కణితి గుట్టు కనిపెట్టాడు, పై వాటాకు ఎక్కేసరికి నయం కూడా చేసేశాడు!

ముందుగది నిండా జనం. "ఏదీ బాబూ, మాకూ చూపించండి," అంది అత్తగారు. అల్లుడు రొమ్ము విరుచుకుని ఫోన్‌లో స్లైడు ఫొటో తెరిచి చూపించాడు. అందరూ ఆహా అన్నారు. వేలు జారి పక్క ఫొటో వచ్చింది. సాధనలో కోసిన మొదటి కిడ్నీ స్లైడది. రంగు వేరు గానీ, అవే రింగులు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. ముందుకు తిప్పాడు.

కోసిన పొరల్ని స్లైడు మీదికి ఎత్తేముందు గోరువెచ్చని నీళ్ళ మీద తేలేస్తారు. ఒక ముక్క పని అయ్యాక, ఇంకో ముక్క మొదలెట్టే ముందు ఆ నీళ్ళ పైభాగం కాగితంతో తుడవాలి. నిన్న తుడిచాడా? తుడవలేదు. తేలుతున్న కిడ్నీ పొర ఒకటి వచ్చి కణితి పక్కన అంటుకుంది, అంతే.

"ఏం బాబూ, అలా అయిపోయారు?"

"పొలమారిందత్తయ్యా," అన్నాడు. నోట్లో ఏమీ లేదు.

వంటింట్లోకి లాక్కెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. ఆపుదామనుకునేసరికి ఇంకా వచ్చింది. "నవ్వకే తల్లీ, నా బతుకు బస్టాండయింది," అంటూనే అతనూ పకపకా నవ్వేశాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా.

"రేపేం చేస్తారు?"

"ఆ మూల ఒక్కటే ఫొటో తీసి చూపిస్తే... లాభం లేదు. పెద్దమేడం ఒక్క చూపుతో మేక పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తారు."

"చెప్పలేకపోతేనో?"

అల్లుడు నవ్వు ఆపాడు. "నేనే చెప్పేస్తాను."

శుక్రవారం ఒకే స్లైడును అందరూ కలిసి చూసే పెద్ద మైక్రోస్కోపు చుట్టూ విభాగమంతా చేరింది. అల్లుడు స్లైడు పెట్టాడు. "మేడం, ముందే చెప్పేస్తున్నాను. ఇందులో గోధుమరంగులో ఉన్నది మేక కిడ్నీ. మా అత్తగారు కొన్నారు."

గది దద్దరిల్లిపోయింది. "నీళ్ళు తుడవండి మహాప్రభో అని నెత్తీనోరూ కొట్టుకుంటూనే ఉన్నా!" అన్నాడు గుమ్మంలోంచి మాస్టారు. అల్లుడు మనసులోనే పెట్టే బేడా సర్దేసుకున్నాడు. పెద్దమేడం మాత్రం తల ఎత్తలేదు. మూల చూశారు, కణితి చూశారు, మళ్ళీ మూల చూశారు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"కెమిస్ట్రీ, రెండు ముక్కల మీదా ఒకే చుక్కా?"

"ఒకటే మేడం."

"మరి చచ్చిన మందు మేక మీద ఎలా పనిచేసిందయ్యా?"

అల్లుడు మళ్ళీ మైక్రోస్కోపుకు కన్ను ఆనించాడు.

"మందు దివ్యంగా ఉంది. కిడ్నీలో ప్రొటీన్ ఉన్నట్టుంది, పట్టుకుంది. పక్కనే ఉన్న కణితిలో లేదు కాబట్టి పట్టుకోలేదు. ఇన్ని నెలలూ జవాబు నీ కళ్ళెదుటే ఉంది, పోల్చి చూసుకోవడానికి తోడు ముక్క లేక నమ్మలేకపోయావు. ఆగు, అప్పుడే ఎగరకు! ఆ రంగు మందు వల్లే వచ్చిందని తేలాలి. మందు వేయకుండా ఒక కిడ్నీ స్లైడు, వేసి ఒకటి, మనిషి కిడ్నీ మీద ఒకటి. సాయంత్రానికి నా బల్ల మీద ఉండాలి. ఈసారి నీళ్ళు తుడిచి!"

తుడిచాడు. ఎందుకైనా మంచిదని మళ్ళీ తుడిచాడు. సాయంత్రానికి మందు వేయనిది నీలం, వేసిన రెండూ గోధుమరంగు. పెద్దమేడం చూసి, "ఇంకో ఏడాది ఇక్కడే ఉండు," అన్నారు. "ఆ మేక ముక్క పారెయ్యకు."

ఇంటి మెట్ల దగ్గర అత్తగారూ, వాటాలవాళ్ళూ కాచుకుని ఉన్నారు. అల్లుడు ఇక దాచలేకపోయాడు. "అత్తయ్యా, నిన్న నేను చూపించింది కణితి కాదు. మీరు తెచ్చిన కిడ్నీ. నేను నీళ్ళు తుడవడం మర్చిపోయాను. నవ్వుకోండి, ఏమన్నా అనుకోండి. కానీ ఇవాళ అదే నన్ను నిలబెట్టింది. ఇంకో ఏడాది శిక్షణ ఇచ్చారు."

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, అల్లుడి వైపు కాకుండా వాటాలవాళ్ళ వైపు తిరిగింది.

"విన్నారుగా! పెద్ద చదువు, ఇంకో ఏడాది ఉంది," అంది తల ఎగరేసి. "ముదురుదిస్తే ఊరుకోనని ఆ కొట్టువాడికి అప్పుడే చెప్పాను నేను."