ఆకుపచ్చగానే ఉండిపోయిన సర్వరు

కొన్నేళ్ళుగా ఈ మాటను మింగలేక కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నరసరావుపేటలో మేడమీద గది, అదే నా ఆఫీసు. టీం అంతా ఫోన్లో గొంతులే. మా సర్వర్లన్నిటికీ ఒక ప్రోగ్రామ్ కాపలా. ఏ సర్వరు ఎలా ఉండాలో రాసిపెడితే చాలు, ఎవరు చేత్తో మార్చినా అది మళ్ళీ వచ్చి సరిచేస్తుంది. సవ్యంగా ఉంటే స్క్రీన్ మీద ఆకుపచ్చ, తేడా వస్తే ఎరుపు. ఆ రంగులు కనిపెట్టుకుని ఉండడమే మా పని.

ఒకరోజు ఒక సర్వర్లో నేను చేత్తో చిన్న మార్పు చేశాను. ప్రోగ్రామ్ దాన్ని చెరిపేస్తూనే ఉంది. విసుగొచ్చి ఆ ఒక్క సర్వరు మీద ప్రోగ్రామ్‌ను ఆపేశాను. అన్నం తిని వచ్చి మళ్ళీ నడుపుదామనుకున్నాను. మరిచిపోయాను. అలా ఆపేసిన సర్వరు ఎర్రబడదు, చివరిసారి ఉన్న ఆకుపచ్చతోనే ఉండిపోతుంది. తర్వాత అన్ని సర్వర్లకూ అందిన ఒక మరమ్మతు దానికి అందలేదు. కొన్ని వారాలకు, కరీముల్లా డ్యూటీలో ఉండగా, అది ఆగిపోయింది.

కరీముల్లాది మాచర్ల. టీంలో మా యాస మాట్లాడేది అతనొక్కడే. మధ్యాహ్నం ఫోన్ చేసి ఏం కూరని అడిగేదీ అతనొక్కడే.

బాగుచేయమని నన్నే పిలిచారు. చూడగానే అర్థమైంది. ప్రోగ్రామ్‌ను మళ్ళీ నడిపాను. అది అంతా సరిచేసింది, నేను చేసిన మార్పును కూడా ఆనవాలు లేకుండా చెరిపేసింది. మీటింగ్‌లో, ఎరుపు వచ్చే ఉంటుంది, స్క్రీన్ చూడకుండా ఏం చేస్తున్నావని అతన్ని నిలదీశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను అదీ చేయలేదు. మైక్ ఆపుకుని కూర్చున్నాను. తప్పెక్కడుందో కనిపెట్టడమే బతుకుతెరువుగా ఉన్నవాణ్ణి, నా ఎదుటే ఒకడిమీద నింద పడుతుంటే, నన్నెవరూ అడగలేదు కాబట్టి నేను అబద్ధమాడినట్టు కాదని నాకు నేనే నచ్చజెప్పుకుంటూ ఎలా కూర్చోగలిగాను? భయమా? తెలివా?

అతన్ని తీసేశారు. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

"అంతా పచ్చగానే ఉందన్నా. నేను చూస్తానే ఉన్నా. ఒక్కరూ నమ్మరేంది?"

"నేను నమ్ముతున్నాలేరా."

"నువ్వొక్కడివి నమ్మావు. చాలన్నా."

ఇప్పుడతను వాళ్ళ బావ నడిపే మెకానిక్ షెడ్డులో పనిచేస్తున్నాడట. మొదట్లో ఫోన్ చేసేవాడు. నేను ఎత్తేవాణ్ణి కాదు. తర్వాత మానేశాడు. మధ్యాహ్నం ఏం కూరని ఇప్పుడెవరూ అడగరు. జాలిపడకండి, చేజేతులా చేసుకున్నదే. అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను, అదీ పిరికితనమే.

నేను అతన్ని నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం నాకెక్కడిది? ఆపింది నేనే. ఇన్నాళ్ళకు ఆ మాట ఒకసారి పైకి అన్నాను.